విమానంలోంచి నల్లమల: ఫొటో ప్రశ్నలు, జవాబులు

చిన్న విమానం ఎక్కి మన గుట్టల్ని, కృష్ణ లోయను ఫొటో తీయడం గురించి నల్గొండ, పాలమూరు వైపు పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. చిన్న విమానం అంటే ఇక్కడ సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం. దాని రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిందికి చూపు ఆగదు. రెక్క కింద ఉండే విమానం దొరికితే ఈ పనికి ఒప్పుకోకండి. సగం ఫొటోల్లో రెక్కే కనిపిస్తుంది.

ప్రశ్న: బేగంపేట నుంచి గంటన్నర తిరిగొచ్చే అవకాశం దొరికింది. ఫరహాబాద్ వైపు నల్లమల తీయాలని నా కోరిక. ఏ నెలలో, ఏ వేళకు వెళ్లాలి? ఇదివరకు మార్చిలో పెద్ద విమానం కిటికీలోంచి తీస్తే అంతా బూడిద పూసినట్టు వచ్చింది. (నల్గొండ)

నెల సంగతి తర్వాత. ముందు గంటన్నర లెక్క చూద్దాం. బేగంపేట నుంచి ఫరహాబాద్ దాకా గీత గీసినట్టు వెళ్తే దాదాపు 120 కిలోమీటర్లు. సెస్నా మామూలుగా 100 నాట్ల వేగంతో, అంటే గంటకు 185 కిలోమీటర్లతో పోతుంది. పోవడానికి 40 నిమిషాలు, రావడానికి 40 నిమిషాలు. శంషాబాద్ విమానాల దారి తప్పించుకుని చుట్టూ వెళ్లమంటే ఇంకా ఎక్కువ. అద్దె లెక్క ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచే మొదలవుతుందేమో కూడా అడగండి. ఫొటోలకు మీకు మిగిలేది పది నిమిషాలు, అదీ అంతా సవ్యంగా జరిగితే. నల్లమలే కావాలంటే రెండున్నర గంటలు మాట్లాడుకోండి. గంటన్నరే ఉంటే దేవరకొండ కోట గుట్టలో, రాచకొండ గుట్టలో పెట్టుకోండి. రాచకొండ గుట్ట, భువనగిరి గుట్ట ఇంకా దగ్గర. అక్కడ గుట్ట చుట్టూ తీరిగ్గా నాలుగు చుట్లు తిరగొచ్చు. నాలుగు చుట్లలో వచ్చే ఫొటో పరుగు మీద ఒక్కసారి దాటిపోతే రాదు.

ఇక నెల. సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ సగం దాకా. వానలు గాలిలోని దుమ్మును కడిగేసి ఉంటాయి. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి రాలడం మొదలై ఎండాకాలానికి కొమ్మలు మిగులుతాయి, మధ్యలో అడవి మంటల పొగ. మీ మార్చి ఫొటోకు రంగు రాకపోవడానికి ఒక కారణం ఇదే. అక్టోబర్‌లో అడవి నిండుగా ఉంటుంది. వరద బాగా వచ్చిన ఏడాది శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరగా నిండి ఉంటుంది. నీళ్లు తగ్గాక ఒడ్డు పొడవునా చెట్టూ చేమా లేని బోడి పట్టీ బయటపడుతుంది. పైనుంచి చూస్తే కళ్లకు ముందు తగిలేది అదే. నవంబర్ దాటితే వరి కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చే పొగ వస్తుంది, యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మేలలో మళ్లీ వస్తుంది.

నెలకన్నా రోజును ఎంచుకోవడం ముఖ్యం. ఈ పనిలో సగం అదే. వాన పడి వెలిసిన మర్నాడో, ఆ మర్నాడో వెళ్లాలి. రోజు బాగుందో లేదో నేల మీదే పరీక్ష చేసుకోవచ్చు. మీ మేడ మీంచి 20, 25 కిలోమీటర్ల దూరంలో కనిపించే గుట్ట ఒకటి గుర్తు పెట్టుకుని వారం రోజులు పొద్దున్నే చూడండి. దాని అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తే గాలి శుభ్రంగా ఉన్నట్టు. గుట్ట ఉందని తెలుస్తూ అంచు కలిసిపోతుంటే ఆ రోజు డబ్బులు దండగ. అందుకే తేదీ మార్చుకునే వెసులుబాటు ముందే మాట్లాడి పెట్టుకోండి.

వేళ మాటకొస్తే, పొద్దు పొడిచిన మొదటి గంట, మహా అయితే గంటన్నర. మన దగ్గర పొద్దు దాదాపు నిట్టనిలువునా ఎక్కుతుంది. అక్టోబర్‌లో పొడిచిన గంటకు 14 డిగ్రీలు, రెండు గంటలకు 28 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. 14 డిగ్రీల దగ్గర 100 మీటర్ల గుట్ట నీడ 400 మీటర్లు పడుతుంది. 28 డిగ్రీలకు వచ్చేసరికి 190 మీటర్లే. గుట్టకు గుండ్రం, లోయకు లోతు తెచ్చేది ఆ నీడే. పైగా పది దాటితే నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది, విమానం బండి రాళ్ల మీద పోయినట్టు కుదుపుతుంది. సాయంత్రం వెలుగు బాగానే ఉంటుంది కానీ పగలంతా లేచిన దుమ్ము ఇంకా దిగి ఉండదు.

ఒక్క మాట మాత్రం తప్పక గుర్తుంచుకోండి. ఎండ పక్కనుంచి పడాలి. పొద్దును వీపు వెనక పెట్టుకుంటే నీడలన్నీ గుట్టల వెనక్కి పోయి, చపాతీలా చదునుగా వస్తుంది. పొద్దుకు ఎదురుగా తీస్తే పొగమంచు మెరిసి అంతా తెల్లబోతుంది. పొద్దున పూట ఉత్తరం వైపు చూస్తూ తీయాలి. మీరు ముందు కుడి సీట్లో కూర్చుంటారు కాబట్టి విమానం తూర్పు నుంచి పడమరకు పోవాలి, అప్పుడు మీ కిటికీ ఉత్తరానికి తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి దక్షిణానికి పోతూ కుడి కిటికీలోంచి తీసినవన్నీ పొద్దును వెనక పెట్టుకుని తీసినట్టే. పోయేటప్పటి ఫొటోలు లెక్కలో పెట్టుకోకండి. ఎక్కడ తూర్పు పడమరలుగా తిరగాలో కాగితం మీద గీసి పైలట్‌కు నేల మీదే చూపించండి.

ప్రశ్న: 200 ఎంఎం లెన్స్, షట్టర్ 1/320, స్టెబిలైజేషన్ ఆన్. మోచెయ్యి కిటికీ అంచుకు ఆనించి కదలకుండా పట్టుకున్నాను. అయినా వంద ఫొటోల్లో ఒక్కటీ షార్ప్‌గా లేదు. లెన్స్ పాడైందా? (దేవరకొండ)

లెన్స్‌ది తప్పు కాదు. మోచెయ్యి ఆనించడమే మొదటి తప్పు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2300 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 77 సార్లు దడదడలాడుతుంది. ఆ అదురు తలుపుకు, కిటికీ అంచుకు, సీటు వీపుకు అన్నిటికీ పాకుతుంది. మీరు చెయ్యి ఆనించిన క్షణం అది ఎముక గుండా కెమెరాకు చేరుతుంది. స్టెబిలైజేషన్ తయారు చేసింది మనిషి చేతి నెమ్మది వణుకు కోసం, ఈ అదురు దాని చేతికి చిక్కదు. నడుము నుంచి పైకి మీ ఒళ్లు దేనికీ తగలకూడదు. వీపు సీటుకు ఆనకుండా కాస్త ముందుకు కూర్చుని, మోచేతులు పక్కటెముకలకు నొక్కి పట్టండి. మన ఒంటి కండరాలే ఇక్కడ స్ప్రింగులు.

రెండోది విమానం కదలిక. 80 నాట్ల దగ్గర విమానం సెకనుకు 41 మీటర్లు పోతుంది. 1/320 సెకనులో దాదాపు 13 సెంటీమీటర్లు. గుట్ట 800 మీటర్ల దూరంలో ఉంటే, 200 ఎంఎం లెన్స్ ఆ కదలికను సెన్సర్ మీద 32 మైక్రాన్లుగా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గీస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఒక పిక్సెల్ 6 మైక్రాన్లు. అంటే ప్రతి ఆకూ ఐదు పిక్సెళ్ల పొడవున సాగింది. అదే 1/2000 అయితే 5 మైక్రాన్లు, ఒక పిక్సెల్‌లోపే. కాబట్టి 24-70 లెన్స్‌కు 1/1000కి తగ్గొద్దు, 70 దాటితే 1/2000.

అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/5.6 పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) ఆటోకు వదిలేయండి. పొద్దున వెలుగులో అది 400, 800 మధ్య తిరుగుతుంది. ఇప్పటి కెమెరాల్లో దానితో వచ్చే నాయిస్ (గింజల్లాంటి మచ్చలు) సర్దుకోవచ్చు, సాగిపోయిన ఫొటోను మాత్రం ఎవరూ సర్దలేరు. ఎఫ్/11, ఎఫ్/16 అక్కర్లేదు. అన్నీ దూరంగానే ఉన్నాయి, ఫోకస్ లోతు కోసం పాకులాడే అవసరం లేదు.

ఫోకస్ కూడా ఒకసారే. గాలిలోకి లేచాక రెండు కిలోమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించే గుట్ట అంచు మీద ఆటోఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చి, ఫోకస్ రింగు మీద కాగితపు టేపు ఒక చుట్టు వేయండి. రింగును చివరిదాకా తిప్పి ‘అనంతం’ అనుకోవద్దు. చాలా ఆటోఫోకస్ లెన్సులు అనంతం దాటి కాస్త ముందుకు తిరుగుతాయి. నేల మీద వేసిన టేపును నమ్ముకోవద్దు, పైన చల్లబడ్డాక ఫోకస్ కొద్దిగా జరగొచ్చు. వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది.

ప్రశ్న: కిటికీ అద్దంలో నా చొక్కా, సీటు కనిపిస్తున్నాయి. అది పోతుందని పోలరైజర్ ఫిల్టర్ పెడితే ఆకాశంలో ఇంద్రధనుస్సు మరకలు వచ్చాయి. (అచ్చంపేట)

విమానం కిటికీ గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. దాన్ని వంచి బిగించినప్పుడు లోపల బిగువు మిగిలిపోతుంది. పోలరైజర్ ఆ బిగువును రంగు చారలుగా బయటపెడుతుంది. ప్లాస్టిక్ గుండా తీసేటప్పుడు పోలరైజర్ పెట్టొద్దు. 

ప్రతిబింబాలకు మందు నల్ల బట్ట. నల్ల చొక్కా వేసుకోండి, వీలైతే ఒళ్లో కూడా నల్ల గుడ్డ పరుచుకోండి. లెన్స్ ముందు రబ్బరు హుడ్ పెట్టి కిటికీకి వేలెడు దూరం దాకా తీసుకెళ్లండి, తగలనివ్వొద్దు. తగిలితే ముందు చెప్పిన అదురే. కిటికీకి నిటారుగా తీయండి. ఏటవాలుగా చూసేకొద్దీ అక్రిలిక్ వంపు గుట్ట అంచును అలలా చేస్తుంది. గీతలు ఉన్న కిటికీ అయితే ఎఫ్/4 దగ్గర అవి కరిగిపోతాయి, ఎఫ్/11 దగ్గర గీత గీతగా కనిపిస్తాయి. ఎక్కే ముందు మామూలు నీళ్లు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి, అదీ మెకానిక్‌ను అడిగాకే. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం వాడితే అక్రిలిక్ మీద సన్నని పగుళ్లు వస్తాయి.

అన్నిటికన్నా మేలు కిటికీ తెరవడం. సెస్నా 172లో ముందు ఎడమ కిటికీ పైకి తెరుచుకుంటుంది, కుడిది కూడా చాలావాటిలో తెరుచుకుంటుంది. చిన్న లోహపు చెయ్యి ఒకటి దాన్ని సగంలో ఆపుతుంది. ఆ చేతికున్న స్క్రూను మెకానిక్ తీసేస్తే, పైన గాలి ఒత్తిడే కిటికీని రెక్క కిందికి ఎత్తి పట్టుకుంటుంది. స్క్రూ మీరు తీయకూడదు. తెరిచి ఎగరొచ్చో లేదో, ఎంత వేగం దాకానో ఆ విమానం పుస్తకంలో రాసి ఉంటుంది, పైలట్ చూసి చెప్పాలి. తెరిచిన కిటికీ దగ్గర లెన్స్ హుడ్ తీసి సంచిలో పెట్టండి. గాలికి ఊడిందంటే నేరుగా తోకకు తగలొచ్చు. క్యాపు, ఫిల్టరు, జేబులో పెన్ను, ముక్కు మీది వదులు కళ్లద్దాలు ఏవీ వద్దు. కెమెరా పట్టీ మెడలో ఉండాలి. లెన్స్ కొస కిటికీ గీత దాటి బయటికి రాకూడదు. రెండంగుళాలు బయట పెట్టినా గాలి దాన్ని పట్టుకుని ఊపేస్తుంది.

ప్రశ్న: అనుమతి ఎవరిని అడగాలి? ఫ్లయింగ్ స్కూల్లో తెలిసినవాళ్లు ఉన్నారు, ‘వచ్చి కూర్చో’ అంటున్నారు. లేకపోతే డ్రోన్‌తో సరిపెట్టుకోవచ్చా? (మహబూబ్‌నగర్)

ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ 1937లోని 13వ నియమం ప్రకారం ఎగిరే విమానంలోంచి ఫొటో తీయడానికి డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) రాతపూర్వక అనుమతి కావాలి. టికెట్ కొనుక్కుని మామూలు ప్రయాణికుల విమానంలో కిటికీలోంచి తీసుకునే వెసులుబాటును ఇక్కడికి లాగొద్దు. చిన్న విమానం మాట్లాడుకుని ఫొటోల కోసమే ఎగరడం వేరే పని. నల్లమల, కృష్ణ లోయ దారిలో శ్రీశైలం, నాగార్జునసాగర్ డ్యాములున్నాయి, అవి భద్రత ఉన్న చోట్లు. ఏ ప్రాంతం, ఏ తేదీలు, ఏ విమానం, ఏ కెమెరా అన్న వివరాలతో నెలల ముందే దరఖాస్తు పెట్టండి. అనుమతి చేతికి రాకముందు అద్దె అడ్వాన్సు కట్టకండి.

ఫ్లయింగ్ స్కూలు విమానాలు శిక్షణ కోసం. డబ్బులు తీసుకుని మనుషుల్ని తిప్పాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (టైంటేబుల్ లేకుండా అద్దెకు విమానం నడిపే అనుమతి) ఉండాలి. ఆ కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. అది లేకుండా ఎక్కితే, జరగకూడనిది జరిగితే బీమా చేతికి రాకపోవచ్చు.

డ్రోన్‌కు, విమానానికి పోలిక లేదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో (డ్రోన్ మ్యాపులో ఆకుపచ్చగా చూపే ప్రాంతంలో) 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరొచ్చు. దేవరకొండ గుట్టకు అది బాగానే పనికొస్తుంది, మ్యాపులో జోన్ రంగు చూసుకుని వెళ్లండి. నల్లమలలో మాత్రం అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అటవీ శాఖ అనుమతి లేనిదే అక్కడ డ్రోన్ సంచిలోంచి కూడా తీయొద్దు.

ప్రశ్న: సోమశిల నుంచి శ్రీశైలం దాకా కృష్ణ లోయలోకి దిగి తీయాలని మా ఆశ. పైలట్ గట్ల మీంచి 1500 అడుగులకు ఒక్క అడుగు కూడా తగ్గనన్నాడు. బతిమాలితే కోప్పడ్డాడు. (కొల్లాపూర్)

ఆయన కోపం న్యాయమైనదే. ఆయనతోనే ఎగరండి.

లోయలో విమానం వెనక్కి తిరగడానికి చోటు కావాలి. చోటు చాలకపోతే రెక్కను బాగా వాల్చి తిప్పాలి. సెస్నా 172 రెక్కలు సమంగా ఉన్నప్పుడు వేగం దాదాపు 50 నాట్లకు తగ్గేదాకా గాలిలో నిలుస్తుంది. 45 డిగ్రీలు వాలిస్తే ఆ హద్దు 60కి, 60 డిగ్రీలు వాలిస్తే 70కి పెరుగుతుంది. ఫొటోగ్రాఫర్ ‘ఇంకా నెమ్మదిగా, ఇంకా కిందికి, అటు తిప్పండి’ అంటుంటే పైలట్ కళ్లు కూడా కిందికే పోతాయి, వేగం పడిపోతుంది. కింద ఎత్తు లేనప్పుడు స్టాల్ అయితే (వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోతే) సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. గట్టు దాటి గాలి దిగే వైపు విమానాన్ని కిందికి లాగే గాలి కూడా ఉంటుంది. ఎండాకాలం అయితే ఇంకా కష్టం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తులో ఉంది. 40 డిగ్రీల ఎండలో ఇంజిన్‌కు, రెక్కకు అది 5000 అడుగుల ఎత్తుతో సమానం. నలుగురు ఎక్కిన సెస్నా ఆ గాలిలో ఈడ్చుకుంటూ ఎక్కుతుంది. ఫొటో కోసం ఎగిరేటప్పుడు పైలట్ కాక ఇద్దరు చాలు.

ఫొటోకు కూడా ఎత్తే మేలు. 1500 అడుగుల నుంచి 30 డిగ్రీల కిందికి చూస్తే గట్టు 900 మీటర్ల దూరంలో ఉంటుంది. 35 ఎంఎం లెన్స్‌లో దాదాపు 900 మీటర్ల వెడల్పు పడుతుంది. ఒక గట్టు, దాని నీడ, కింద నీళ్లు పట్టడానికి అది సరిగ్గా సరిపోతుంది. నది వంపు తిరిగే చోటు మొత్తం కావాలంటే 3000 అడుగులకు ఎక్కి 24 ఎంఎం పెట్టండి, రెండున్నర కిలోమీటర్లకు పైగా పడుతుంది. లోయలోకి దిగితే ఈ వంపులే కనిపించవు, అటూ ఇటూ గోడలే. ఆకాశం గీత పైన సన్నగా ఉంచండి, లేదా పూర్తిగా వదిలేయండి. ఫ్రేములో పై సగం దూరపు మంచుకు ఇచ్చేస్తే కింద ఉన్న అందం చిన్నబోతుంది.

పైలట్‌తో మాట గడియారం లెక్కలో ఉండాలి. ముక్కు 12, మీ కుడి చెయ్యి 3. ‘రెండింటి దగ్గర తెల్ల రాళ్ల గట్టు, దాన్ని నా కిటికీకి తెండి’ అంటే చాలు. చక్రమో, రెక్కకు ఊతమిచ్చే కడ్డీనో అడ్డొస్తే ‘కొద్దిగా కుడికి వాల్చండి’ అనండి. ఎలా, ఎంత అన్నది ఆయన పని.

ప్రశ్న: వ్యూఫైండర్‌లో చూస్తుంటే పది నిమిషాలకే కడుపులో తిప్పుతోంది. (మిర్యాలగూడ)

ఖాళీ కడుపుతో వెళ్లకండి, బరువుగానూ తినకండి. గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. నిమిషం తీస్తే నిమిషం కెమెరా దించి ఆకాశం అంచు వైపు చూడండి. వెనక వెలుగుతున్న తెర చూసి ఫొటోలు సరిచూసుకోవడం గాలిలో పూర్తిగా మానేయండి, ఎక్కువ తిప్పేది అదే. మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్‌ను అడిగి, ముందొక రోజు ఇంటి దగ్గర వేసుకుని చూడండి. కొన్ని బాగా మత్తు తెస్తాయి.

ప్రశ్న: ఫొటోల్లో నీలి మసక తీయడానికి కంప్యూటర్లో డీహేజ్ పూర్తిగా లాగితే ఆకాశం మచ్చలు మచ్చలుగా, అడవి నల్లగా అయిపోతోంది. (వనపర్తి)

మసక రెండు రకాలు. శుభ్రమైన గాలి అణువులు చెదరగొట్టే కాంతి నీలంగా ఉంటుంది. నీలి కాంతి ఎరుపుకన్నా నాలుగింతలకు పైగా చెదురుతుంది, అందుకే దూరపు గుట్టలు నీలంగా కనిపిస్తాయి. దుమ్ము, పొగ, నీటి తుంపర అన్ని రంగుల్నీ దాదాపు సమంగా చెదరగొడతాయి, ఆ మసక తెల్లగా, బూడిదగా ఉంటుంది. మీ ఫొటోలో ఎరుపు ఛానల్ ఒక్కటే తెరిచి చూడండి. అందులో గుట్టలు తేటగా ఉంటే మీది నీలి మసక, బాగుచేయొచ్చు. ఎరుపులో కూడా పాలు పోసినట్టు ఉంటే అది దుమ్ము, ఏం చేసినా వివరం తిరిగి రాదు.

నీలి మసక అయితే రా ఫైల్‌తో (కెమెరా జేపెగ్‌గా మార్చని అసలు ఫైల్‌తో) మొదలుపెట్టండి. వైట్ బ్యాలెన్స్‌ను 6000 కెల్విన్ చుట్టుపక్కల కొంచెం వెచ్చగా జరపండి. తర్వాత కర్వ్‌లో నలుపు కొసను కుడికి జరుపుతూ, హిస్టోగ్రాం (వెలుగు నీడల గ్రాఫు) ఎడమ అంచుకు తాకబోయేదాకా తేండి. సగం మసక ఇక్కడే పోతుంది. డీహేజ్ ఆ తర్వాత, 15, 20 దాటకుండా, అదీ దూరపు గుట్టల మీద మాత్రమే మాస్క్ వేసి. ముందున్న అడవికి అది అక్కర్లేదు, అందుకే నల్లబడింది. దూరపు వరుసల్లో కాస్త నీలం ఉంచేయండి. ఏ గుట్ట ముందో ఏది వెనకో కంటికి చెప్పేది ఆ నీలమే. నలుపు తెలుపు చేయాలనుకుంటే ఎరుపు ఛానల్‌నే తీసుకోండి, నీలం ఛానల్‌ను సున్నాకు దించేయండి.